చూపు లేని రాజుకు కూతురి ఉంగరం

1810 అక్టోబరు. లండన్‌లోని ఒక నగల వ్యాపారికి విండ్సర్ నుంచి కబురొచ్చింది. ఉంగరం చేయాలి, ఆలస్యం కుదరదు. చేయించుకుంటున్నది ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ కడగొట్టు కూతురు అమేలియా. వయసు 27. కోట పక్కనే ఉన్న ఆగస్టా లాడ్జ్‌లో మంచం పట్టి ఉంది. క్షయ ఆమెను చాలాకాలంగా లోలోపల తినేస్తోంది. అది చాలదన్నట్టు ఈ నెలలో చర్మం ఎర్రగా పొంగి మంటలెత్తే జబ్బు కూడా తోడైంది. లేచి కూర్చునే ఓపిక లేదు. ఉంగరం ఎలా ఉండాలన్న దాంట్లో మాత్రం ఆమెకు ఏ తడబాటూ లేదు. తన వెంట్రుకలు కొన్ని, వాటి మీద పలచటి స్ఫటికపు పలక, చుట్టూ చిన్న వజ్రాలు, తన పేరు, దాంతోపాటు ‘నన్ను గుర్తుంచుకోండి’ అన్న మాట.

ఆ ఉంగరం తండ్రికి. ఆయనకు 72 ఏళ్ళు. కళ్ళకు శుక్లాలు కమ్మి చూపు దాదాపుగా పోయింది.

కంటితో చూసి, చదువుకుని, లోపలి వెంట్రుకల రంగు పోల్చుకుని గుండెకు హత్తుకోవాల్సిన వస్తువును చూపు లేని మనిషికి ఇస్తోందన్న సంగతి అమేలియాకు తెలియనిది కాదు. రాజు రోజూ ఆమె మంచం దగ్గరకు వచ్చేవాడు. ముఖం కనబడదు కాబట్టి మీదికి వంగి, గొంతు విని, చెయ్యి పట్టుకుని కూతురు ఎలా ఉందో తెలుసుకునేవాడు. తమ ఇద్దరి మధ్య ఇక మిగిలింది స్పర్శేనని ఆమె గ్రహించి ఉంటుంది. ఉంగరం స్పర్శకు దొరికే నగ.

చనిపోయినవారి వెంట్రుకను నగలో దాచుకోవడం మన తెలుగు పాఠకులకు కొంచెం వింతగా, ఇంకొంచెం ఎబ్బెట్టుగా కూడా తోచవచ్చు. మన ఇళ్ళలో చావు నగను ఒలిపిస్తుంది. భర్త పోతే మెడలో పుస్తెలు, కాలి మెట్టెలు తీయించిన ఆచారం ఎన్ని తరాల ఆడవాళ్ళను ఏడిపించిందో తెలియనివారు లేరు. ఇంగ్లండ్‌లో చావు నగను తొడిగించింది. చనిపోబోయేవారు వీలునామాలోనే ఉంగరాలకు డబ్బు కేటాయించేవారు. 1616లో రాసిన వీలునామాలో షేక్‌స్పియర్ తన తోటి నటులు ముగ్గురికి, ఉంగరాలు కొనుక్కోవడానికని, తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. దినచర్య రాసి ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ పీప్స్ 1703లో పోయినప్పుడు 123 ఉంగరాలు పంచారు. అన్నీ ఒకే ధరవి కావు. దగ్గరివాళ్ళకు ఎక్కువ ఖరీదువి, దూరపువాళ్ళకు తక్కువవి. 1649లో మొదటి చార్లెస్ తల నరికాక, ఆయన పక్షం వహించినవాళ్ళు రాజు బొమ్మ ఉన్న ఉంగరాలు, ఆయనవని చెప్పే వెంట్రుకలు పెట్టిన లాకెట్లు రహస్యంగా దగ్గర పెట్టుకున్నారు. అవి ఎవరి కంటైనా పడితే ప్రమాదమని తెలిసీ పెట్టుకున్నారు.

వెంట్రుకే ఎందుకంటే అది కుళ్ళదు. మనిషి శరీరంలో ఏ లేపనమూ పూయకుండా, ఏ సీసాలోనూ ముంచకుండా వందల ఏళ్ళు అలాగే ఉండగలిగిన కొద్దివాటిలో అదొకటి. పనివాడు ముందుగా వెంట్రుకల్ని సోడా నీళ్ళలో ఉడికించి జిడ్డు వదిలిస్తాడు. ఆరాక పొడవును బట్టి విడదీస్తాడు. సన్నటి పాయగా అల్లితే ఒక పని. జిగురుతో పలచగా అంటించి, కాస్త వేడి తగిలించి, కొస మెలితిప్పి ఈకలా వంపు తేవడం మరో పని. దంతపు బిళ్ళ మీద దాన్ని కూర్చి, పైన స్ఫటికం బిగించి, అంచు చుట్టూ బంగారం ఒత్తేస్తాడు. ఒకసారి మూసాక ఇక తెరవడం ఉండదు. ఈ వ్యాపారం పెద్దదయ్యాక ఒక భయం కూడా పుట్టింది. మనం ఇచ్చిన వెంట్రుకలే లోపల పెట్టాడా, ఎవరివో పెట్టి మూసేశాడా అని. ఆ అనుమానం పడలేక పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది ఆడవాళ్ళు ఈ అల్లిక తామే నేర్చుకుని ఇంట్లో చేసుకున్నారు.

రాజుగారింటికి ఈ ఆచారం బాగా తెలుసు. మూడో జార్జ్‌కు, షార్లెట్ రాణికి 15 మంది పిల్లలు. 1782 ఆగస్టులో ఆల్‌ఫ్రెడ్ పోయాడు, రెండేళ్ళు కూడా నిండకుండానే. ఆ పసివాణ్ణి చివరిదాకా చూసుకున్న పెంపకపు పెద్ద లేడీ షార్లెట్ ఫించ్‌కు రాణి ఆ బిడ్డ వెంట్రుకలు పెట్టిన లాకెట్ పంపింది. దాన్ని ధరించమని ఒక ఉత్తరమూ జతచేసింది. మరుసటి ఏడాది మే 3న నాలుగేళ్ళ ఆక్టేవియస్ పోయాడు. మశూచి రాకుండా వేసిన టీకా తరవాత కొద్ది రోజులకే పోయాడు. ఆ బిడ్డ మీద రాజుకు ప్రాణం. ఇంట్లో ఆ ఏడుపు ఆరకముందే, మూడు నెలలకు, 1783 ఆగస్టు 7న అమేలియా పుట్టింది.

ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న చేతుల్లోకి వచ్చిన బిడ్డ. ఆ తరవాత ఆ తల్లికి పిల్లలు లేరు. రాజు ఆమెను ఎంత ముద్దు చేశాడో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరూ ‘ఎమిలీ’ అని పిలిచేవారు. పెద్దన్న, కాబోయే నాలుగో జార్జ్, ఆమెకంటే 21 ఏళ్ళు పెద్ద. జ్ఞానస్నానం నాడు ఆమెకు ధర్మపితగా నిలిచింది కూడా ఆయనే.

ఇంత ప్రేమించిన తండ్రే కూతుళ్ళ పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం రాయిలా ఉండిపోయాడు. ఆరుగురిలో 1810 నాటికి పెళ్ళయింది పెద్దమ్మాయి ఒక్కతెకే, అదీ 30 ఏళ్ళు దాటాక. మిగతావాళ్ళు తల్లి వెంట కుట్టుపని చేసుకుంటూ, తండ్రి వెంట నడకకు వెళ్తూ ముదిరిపోయారు. తమ ఇంటిని వాళ్ళే సన్యాసినుల మఠమని చెప్పుకునేవారు. ఆ రాజు పిల్లల్ని ప్రేమించలేదని నేననను. చేతిలోంచి జారిపోతారన్న భయంతో వాళ్ళను బతకనివ్వలేదు. తప్పు తప్పే.

అమేలియా మనసు ఇచ్చింది చార్లెస్ ఫిట్జ్‌రాయ్‌కి. రాజు పరివారంలో సైనికాధికారి. ఆమెకంటే 21 ఏళ్ళు పెద్ద. రాజు గుర్రమెక్కి బయలుదేరితే వెంట వెళ్ళడం ఆయన ఉద్యోగం, కూతుళ్ళు వెంట వెళ్తే అదే అవకాశం. రాణికి ఈ సంగతి తెలిసింది. రాజు చెవిన పడకుండా చూడటమే ఇక ఇంట్లో అందరి పనీ అయింది. 1772లో రాజే పట్టుబట్టి చేయించిన రాజకుటుంబ వివాహ చట్టం ప్రకారం ఆయన అనుమతి లేని పెళ్ళి చెల్లదు. అందులో ఒక్క సందు ఉంది. 25 ఏళ్ళు నిండినవారు రాజు సలహామండలి అయిన ప్రివీ కౌన్సిల్‌కు తెలియజేసి, ఏడాది ఆగి, ఆలోగా పార్లమెంటు ఉభయ సభలూ అడ్డు చెప్పకపోతే పెళ్ళి చేసుకోవచ్చు. అమేలియా ఆ వయసు కోసం ఎదురుచూసింది. ఎదురుచూపుల్లో తనను అతని భార్యగానే భావించుకుంది. ఉత్తరాల కింద ఏ.ఎఫ్.ఆర్. అని సంతకం చేసేది. అమేలియా ఫిట్జ్‌రాయ్. తన వెండి సామాను మీద కూడా ఆ అక్షరాలు చెక్కించుకుంది. పెళ్ళి మంత్రం ఎవరూ చదవని సంసారానికి సామాను అమర్చుకున్న ఆడపిల్ల ఆమె.

25 నిండింది 1808 ఆగస్టులో. ఆ ఏడాదే తట్టు సోకి మనిషి చిక్కిపోయింది. ఆ తరవాత ఒళ్ళు మళ్ళీ కుదురుకోలేదు. 1809లో సముద్రపు గాలి మంచిదని అక్క మేరీని తోడిచ్చి వేమత్‌కు పంపారు. గుణం కనబడలేదు. శీతాకాలానికి విండ్సర్ తిరిగొచ్చి, కోటలోకి వెళ్ళకుండా ఆగస్టా లాడ్జ్‌లో దిగింది. మేరీ ఆమెను విడిచి కదల్లేదు. వైద్యులు రోజుకు చాలాసార్లు రాజు దగ్గరికి వెళ్ళి కూతురి పరిస్థితి చెప్పాల్సి వచ్చేది. ఉదయం ఏడు గంటలకే మొదటి కబురు. రాత్రి ఎలా నిద్రపోయింది, ఏం తిన్నది, నాడి ఎలా ఉంది అని అడిగినవే మళ్ళీ మళ్ళీ అడిగేవాడు.

ఉంగరం వచ్చింది.

అలవాటు ప్రకారం రాజు మంచం పక్కకు వచ్చి చెయ్యి చాచాడు. ఎప్పుడూ ఆ చేతిలో తన చెయ్యి పెట్టే కూతురు, ఆ రోజు ఆయన వేలికి ఉంగరం తొడిగింది. తనను గుర్తుంచుకోమంది. ఆ వేలి మీద ఏముందో రాజు మరో చేత్తో తడిమి తెలుసుకోవాలి. నున్నగా, చల్లగా స్ఫటికం. దాని చుట్టూ వేలి కొసకు గరుగ్గా తగిలే రాళ్ళు. లోపల ఏం దాచారో ఆయన వేళ్ళకు అందదు, ఎవరో చెప్పాల్సిందే. చుట్టూ ఉన్నవాళ్ళ ఎదుట రాజు భోరుమన్నాడు.

ఆ మరణశయ్య దగ్గర జరిగింది విన్నాక నన్ను వదలని సంగతి ఒకటుంది. ఈ ఉంగరాలు సాధారణంగా మనిషి పోయాక వచ్చేవి. పోయిన తేదీ, వయసు చెక్కాలంటే పోవాలి కదా. దుఃఖించేవారు చేయించుకునేవో, వీలునామా డబ్బుతో కొనుక్కునేవో అవి. అమేలియా తన స్మృతి ఉంగరాన్ని తానే చేయించి, బతికుండగానే తన చేత్తో తొడిగింది. తేదీ లేని ఉంగరం అది. జీవితంలో దేనికీ ఆమెకు అనుమతి దొరకలేదు. దీనికి ఎవరినీ అడగలేదు.

అక్టోబరు 25న రాజు సింహాసనం ఎక్కి సరిగ్గా 50 ఏళ్ళు. విండ్సర్‌లో అతిథులు చేరారు. రాజు వచ్చాడు గానీ మాట తీరు చూసినవాళ్ళకు గుండె గుభేలుమంది. గబగబా మాట్లాడుతున్నాడు, ఒక సంగతి మీంచి మరో సంగతికి దూకుతున్నాడు. 1788లో, 1801లో, 1804లో ఆయన మతి చలించినప్పుడు మొదలైంది కూడా ఇలాగే. ఆ తరవాత ఆయన మళ్ళీ నలుగురి మధ్యకు రాలేదు.

నవంబరు 2న అమేలియా పోయింది. అది అన్న ఎడ్వర్డ్ పుట్టినరోజు. మేరీ ఆ ఇంటి గడప దాటకముందే ఒక ఉత్తరం రాసింది, ఫిట్జ్‌రాయ్‌కి. నిన్ను దీవిస్తూ పోతున్నానని చెప్పమన్నది చెల్లెలి ఆఖరి మాట అని. అప్పటిదాకా ఇంట్లో అందరూ గుట్టుగా దాచిన బంధాన్ని ఆ ఉత్తరంలో అక్క ఒప్పుకున్నట్టయింది. ఈ కథలో నాకు అందరికంటే పెద్దమనసు మేరీదే అనిపిస్తుంది.

నవంబరు 13న అంత్యక్రియలు. విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ చాపెల్ కింద రాజు కట్టించిన కొత్త నేలమాళిగలో మొదటి శవపేటిక ఈ కూతురిదే అయింది. ఆ తరవాత రాజకుటుంబం అమేలియా పేరిట ఉంగరాలు చేయించి దగ్గరివాళ్ళకు పంచింది. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మామూలుగా ఇలాంటి ఉంగరాలకు నల్ల మీనా పూసేవారు. ఇవి తెల్లవి. పెళ్ళికాని వాళ్ళకు, పసిపిల్లలకు తెలుపు వాడటం అప్పటి ఆచారం. కిరీటం, దాని కింద ‘ఏ’ అన్న అక్షరం, పోయిన తేదీ, వయసు 27. తండ్రి వేలికి తొడిగినప్పుడు చెప్పిన మాటనే వీటి మీదా పెట్టారు. తనను ఫిట్జ్‌రాయ్ భార్యనని రాసుకున్న మనిషిని ఆ తెల్ల మీనా కన్యగానే లెక్కగట్టింది.

వీలునామాలో అమేలియా తన సొత్తును ఫిట్జ్‌రాయ్‌కే రాసింది. అమలు చేయాల్సిన బాధ్యత పెద్దన్నకు, మరో అన్న అడాల్ఫస్‌కు అప్పగించింది. ఆ వీలునామా ఉన్నదున్నట్టు బయటికొస్తే రాజకుటుంబం నలుగురి నోళ్ళలో పడుతుంది. ఫిట్జ్‌రాయ్‌కి నచ్చజెప్పి హక్కు వదులుకునేలా చేశారు. నగలు మేరీకి చేరాయి. చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకున్న మేరీకి నగలు దక్కడంలో అన్యాయం ఏముందని ఎవరైనా అడగవచ్చు. కానీ ఆ పిల్ల రాసింది మరొకరికి. బతికుండగా మాట చెల్లని మనిషికి చచ్చాకా చెల్లలేదు. ఫిట్జ్‌రాయ్ 1816లో వేరే పెళ్ళి చేసుకుని, 1831లో పోయాడు.

ఆ ఇంటి మరో నగల కథ మన నేలదాకా వస్తుంది. 1777లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ షార్లెట్ రాణికి వజ్రాలు కానుకగా పంపాడు. గోల్కొండ గనుల వజ్రాలని వాటికి పేరు. 1818లో పోయేముందు రాణి వాటిని అమ్మి, వచ్చిన డబ్బును పెద్దమ్మాయి కాక మిగతా నలుగురు కూతుళ్ళకు పంచమని రాసింది. అమేలియా ఉంటే ఐదుగురు. ఆర్కాటు వజ్రాలు అంగడికెక్కి ఎన్నో చేతులు మారాయి. వెంట్రుకల ఉంగరానికి అలా బేరం కుదరదు. దాని విలువ తెలిసిన మనుషులు ఉన్నంతకాలమే ఆ విలువ.

విలువ తెలిసిన ఆ ఒక్క మనిషి పరిస్థితి ఏమిటి? కూతురు పోయిన దుఃఖంలో రాజు మతి పూర్తిగా తప్పింది. రాజుకు ఈసారి జబ్బు రావడానికి కారణం కూతురి గురించిన బెంగేనని వైద్యులు పార్లమెంటు ముందు చెప్పారు. ఆయన జబ్బు అసలు ఏమిటన్నది వైద్యులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. రక్తంలోని లోపం వల్ల వచ్చే పోర్ఫిరియా అని 1960లలో కొందరు అన్నారు, కాదు మనోవ్యాధేనని తరవాతివాళ్ళు అన్నారు. కూతురి చావు ఒక్కటే ఆయన్ను పడగొట్టిందని నేను చెప్పను. అంతకుముందు మూడుసార్లు పడి లేచిన మనిషి, ఈసారి లేవలేదు. 1811 ఫిబ్రవరి 5న రీజెన్సీ చట్టం అయింది. పెద్దకొడుకు రాజప్రతినిధిగా పగ్గాలు పట్టాడు. ఇంగ్లండ్ చరిత్రలో ఆ తొమ్మిదేళ్ళ కాలానికి, ఆనాటి కట్టడాలకు, దుస్తులకు, నవలలకు రీజెన్సీ అన్న పేరు అలా వచ్చింది.

విండ్సర్ గదుల్లో రాజు మరో తొమ్మిదేళ్ళు బతికాడు. గడ్డం తెల్లగా పెరిగిపోయింది. చూపు పూర్తిగా పోయింది, వినికిడి కూడా తగ్గింది. హార్ప్‌సికార్డ్ ముందు కూర్చుని హాండెల్ సంగీతం వాయించుకునేవాడు, చనిపోయిన స్నేహితులతో మాట్లాడేవాడు. 1817లో మనవరాలు షార్లెట్ పురిట్లో పోయింది. 1818లో 57 ఏళ్ళు కాపురం చేసిన రాణి పోయింది. అవేవీ ఆయన మనసుకు అందలేదు.

అమేలియాను మాత్రం మరచిపోలేదు. ఆమె పోయిందన్నది మరచిపోయాడు. తమ పూర్వుల దేశం హానోవర్‌లో ఆమె సుఖంగా ఉందని, పెళ్ళయి పిల్లలతో ఉందని, ఆమెకు వయసు మీదపడదని, జబ్బు చేయదని చుట్టూ ఉన్నవాళ్ళతో చెప్పేవాడు. బతికుండగా తాను ఇవ్వని పెళ్ళిని, సంసారాన్ని ఆ తండ్రి మతి చెడ్డాక కూతురికి ఇచ్చేశాడు.

1820 జనవరి 29న మూడో జార్జ్ మరణించాడు. అంత్యక్రియలు ఫిబ్రవరి 16న. దానికి ఐదు రోజుల ముందు, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో దాదాపు 40 ఏళ్ళుగా ఉన్న ఆల్‌ఫ్రెడ్, ఆక్టేవియస్ శవపేటికలను తవ్వి తీసి విండ్సర్‌కు తెచ్చారు. అమేలియా పుట్టకముందే పోయిన అన్నలు వాళ్ళు. అమేలియా ఉన్న నేలమాళిగలోనే వాళ్ళను ఉంచి, ఆ తరవాత తండ్రిని దించారు.